పారబోసే ఉప్పు

పోయిన ఆదివారం నరసాపురం సంతలో ఉప్పు కొన్నాను. వర్తకుడు కొలిచి నా గుడ్డలో పోసి, నేను మూట కట్టుకోబోతూ ఉండగా, అడక్కుండానే చేత్తో ఇంకొంత తీసి కొసరు వేశాడు. ఇందులో వింతేముందని ఈ కాలపు పిల్లలు అనుకోవచ్చు గాని, నా యీడు వారికి చెప్పనక్కరలేదు. వంకాయలకి కొసరు చూశాం, చింతపండుకి చూశాం, బెల్లానికి పేచీ పెట్టి మరీ వేయించుకున్నాం గాని, ఉప్పుకి కొసరు వేసిన మహానుభావుణ్ణి ఈ యాభై చిల్లర ఏళ్లలో నేను చూసి ఎరగను. ఇదేమిటని అడిగితే ఆయన నవ్వి, "సర్కారోరు ఉప్పు మీద పన్ను మళ్లీ తగ్గించారు కదండి, ఇంకా మేం పిసినిగొట్టుతనం చేస్తే ఏం బాగుంటుందండీ" అన్నాడు.

మూట చంకన పెట్టుకుని కాలవ గట్టు మీద ఇంటికి నడిచి వచ్చాను. సంతోషించవలసిన మాటే విన్నాను. మా పేటలో పెద్దలు ఈ పన్నును తిట్టుకుంటూనే బతికి, తిట్టుకుంటూనే పోయారు. వాళ్లు వింటే గంతులు వేసేవారు. నాకు మాత్రం లోపల ఏమీ కదల్లేదు. ఉప్పు సంగతి ఎవరు ఎత్తినా నాకు అంతే. ఇరవై ఏళ్లు కావస్తోంది ఇలా అయి. అలా ఎందుకయిందో ఎవరికీ చెప్పలేదు, మా ఇంట్లో వాళ్లకి చెప్పనవసరం లేదు కూడాను, వాళ్లు చూసినదే. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

మాది నరసాపురానికి దిగువన, గోదావరి సముద్రంలో కలిసేచోటికి దగ్గరగా ఉన్న చేపలవాళ్ల పేట. అమ్మ నా ఎనిమిదో ఏట పోయింది. నాన్న వేటకి పోతే రెండేసి రోజులు రాడు. నన్ను పెంచింది మా మేనత్త. నాన్నకి ఒక్కతే అప్పగారు, మా గుడిసెకి ఎదురు గుడిసె ఆమెది. మామయ్యను సముద్రం తీసుకున్న తరువాత ఆమె ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి తన కూతురినీ నన్నూ సాకింది. పేటలో నా తోటి వాళ్లు వల పట్టుకుంటే నన్ను మాత్రం నరసాపురంలో పాదిరీ గారి బడికి పంపింది. ఎందుకు పంపావని నాన్న అడిగితే, వీడు పడవెక్కితే వాంతి చేసుకుంటున్నాడు, ఇంకెందుకు పనికొస్తాడు అన్నదట. ఆ మాటకి పేటంతా చాలాకాలం నవ్వుకున్నారు. మాట నిజమే. చేపలవాడి కడుపున పుట్టి అల చూస్తే తల తిరిగేవాణ్ణి నేనొక్కణ్ణే.

పెద్దయ్యాక ఆమె కూతుర్నే నాకిచ్చి పెళ్లి చేశారు. కనుక ఆమె నాకు మేనత్తా, పిల్లనిచ్చిన అత్తా కూడా. అల్లుడని మన్నన చేయడం లాంటివి ఆమె ఎన్నడూ పెట్టుకోలేదు. నలుగురిలోనూ ఒరే అనే పిలిచేది.

ఇక ఉప్పు సంగతి. మా తాత చెప్పేవాడు, తమ రోజుల్లో ఉప్పు ఎవరిదీ కాదని. పర్ర మీద, అంటే ఆటుపోటు నీళ్లు నిలిచి ఎండే ఆ చవిటి నేలల మీద, వేసవిలో తెల్లగా పొర కడితే ఆడవాళ్లు చేటలతో ఊడ్చి తెచ్చుకునేవారు. ఇక్కడి మళ్లలో పండిన ఉప్పు కోరంగి ఓడల్లో కలకత్తా దాకా పోయేదని, తాను కూడా రెండు తడవలు పోయివచ్చానని ఆయన గొప్పగా చెప్పేవాడు. తరువాత ఇంగ్లండు నుంచి సరుకు కోసం వచ్చే ఓడలు, ఖాళీగా వస్తే గాలికి తూలిపోతాయని అడుగున ఉప్పు నింపుకు రావడం మొదలుపెట్టాయి. ఆ ఉప్పు తెల్లగా పిండిలాగ ఉండేదట. కలకత్తా వాళ్లు దానికి మరిగారు. మన ఓడలు ఒడ్డున ఎండిపోయాయి. అంత దూరపు ఉప్పు ఇక్కడి ఉప్పు కన్నా చవక ఎలా అయిందో తాతకి చచ్చేదాకా అర్థం కాలేదు. పాదిరీ బడిలో మా పంతులు గారు ఒకసారి చెప్పబోయారు, విలాయతి గుడ్డ మీద సుంకం ఎత్తేయమని అక్కడి మిల్లుల వాళ్లు గోల చేస్తారు, ఎత్తేస్తే ఖజానాకి గండి పడుతుంది, ఆ గండి ఎక్కడో ఒకచోట పూడ్చాలి కదా, అందుకే ఆ బరువు ఉప్పు మీద వేస్తారు, మిల్లు ఉన్నవాడికి అరవడానికి నోరుంది, ఉప్పు తినేవాడికి లేదు అని. ఆయన చెప్పింది ఎంతవరకు నిజమో నేను చెప్పలేను గాని, గుడ్డ కట్టకపోయినా బతికే పేదవాడు ఉప్పు లేకుండా బతకలేడన్నది మాత్రం నిజం.

అలా పర్ర మీద పొర కట్టిన ఉప్పు కూడా సర్కారుదైపోయింది. ఊడిస్తే నేరం. బంట్రోతులు కాపలా తిరిగేవారు, పొర కట్టినచోటల్లా కాళ్లతో మట్టిలో తొక్కించేవారు. కొనబోతే చేప ధర కన్నా దానికి పట్టే ఉప్పు ధర ఎక్కువ. ఆడవాళ్లు ఏం చేస్తారు, చవుడు మన్ను తెచ్చి చేపలకి పట్టించేవారు. ఆ చేప నమిలితే ఇసక, నాలుగు రోజులాగితే పురుగు. రంగూను కూలికి పోయేవాళ్ల మూటల్లోనూ అదే చేప పోయేది.

అప్పుడు సర్కారు వారికి ఒక ఆలోచన వచ్చింది. సముద్రపు ఒడ్డున కంచె కట్టి, ఆ కంచెలోపల చేపకి పట్టించడానికి మాత్రం పన్ను లేని ఉప్పు ఇస్తామన్నారు. దానికి యార్డు అని పేరు. చేప తూచి, దానికింత అని ఉప్పు ఇస్తారు. అక్కడే ఊరబెట్టాలి, అక్కడే ఎండబెట్టాలి. చేప బయటికి రావచ్చు గాని ఉప్పు గవ్వంత కూడా బయటికి రాకూడదు. ఆలోచిస్తే తమాషాగా ఉంటుంది. తుమ్మకంప కంచెకి అటు పక్కన ఉప్పు ఉప్పే, ఇటు పక్కన అదే ఉప్పు దొంగసొత్తు.

ఆ యార్డులో కాటా దగ్గర తూచడానికి, రాయడానికి ఒక గుమాస్తా కావలసి వచ్చింది. చదువుకున్నవాడూ, చేపల పేర్లు తెలిసినవాడూ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. కోటు తొడుక్కుని తలపాగా చుట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. ఒక నెల గడిచినా ఒక్క గంప లోపలికి రాలేదు. కంచెలోకి పోతే పేరు రాసుకుంటారు, పేరు రాసుకుంటే తలపన్ను వేస్తారు అని పేటలో పుకారు. ఖాళీ కాటా ముందు కూర్చున్న నన్ను చూసి పోయేవాళ్లంతా కాకులు తోలుతున్నావా అని వేళాకోళం చేసేవారు. చివరికి మేనత్తని బతిమాలాను. ఆమె ఒక్క మాటే అడిగింది, "లోపల నువ్వుంటావు కదా?" ఉంటానన్నాను. మర్నాడు రెండు గంపల కవళ్ల చేపలు తెచ్చి కాటా మీద కుమ్మరించింది. ఒకటో నంబరు టిక్కెట్టు ఆమె పేరనే రాశాను. ఆ తరువాత వారం లోపల ముప్పై టిక్కెట్లు రాశాను.

టిక్కెట్టంటే అరచేతంత అట్టముక్క. అది ఉన్నవాళ్లకే యార్డు ప్రవేశం. అది పోతే ఆ మనిషికి పన్ను లేని ఉప్పు లేదు, ఉప్పు లేకపోతే చేప ఎండదు, ఎండకపోతే తెల్లవారకుండానే పచ్చిచేప నెత్తిన పెట్టుకుని నరసాపురం పరుగెత్తాలి, దారిలో ఎండెక్కితే సగం పారెయ్యాలి. టిక్కెట్టు పోగొట్టుకున్న ఒక ముసలావిడ కాలవ పనిలో మట్టి మోయడానికి పోయి ఏడాది తిరక్కుండా పోయింది. కనుక ఆ అట్టముక్కని ఆడవాళ్లు తాళిబొట్టంత భద్రంగా చూసుకునేవారు. మేనత్త తన దాన్ని తాటాకు డబ్బాలో పెట్టి, చూరు కింద వేలాడదీసుకునేది. పదేళ్ల పైగా ఆ టిక్కెట్టు మీద ఆమె దర్జాగా బతికింది. ఎవరి ఇంటికీ చేయి చాచలేదు, మా ఇంటికి కూడాను. ఒక వాయ చేపకి ఎంత ఉప్పు పడుతుందో ఆమె చెయ్యి పెట్టి చెబితే నా కాటా దానికి సాక్ష్యం చెప్పడమే తరువాయి. రోజంతా ఉప్పునీళ్లలో నానిన ఆ చేతులకి స్పర్శ తగ్గిపోయి, పొయ్యి మీది సట్టి గుడ్డ లేకుండా దించేది.

సాయంత్రం యార్డు మూసేముందు రెండు పనులు జరిగేవి. తొట్టెల అడుగున మిగిలిన తడి ఉప్పంతా పోగు చేసి, నా కళ్ల ముందు, సముద్రంలోకి పోయే పాయలో పారబోయించాలి. మిగిలింది బయటికి పోతే పన్ను కట్టి అమ్మే ఉప్పుకి గిరాకీ తగ్గుతుందని ఆ నియమం. తిండికి ఉప్పు లేనివాళ్లు తమ చేతులతో తాము గంపల కొద్దీ ఉప్పు నీళ్లపాలు చేయడం చూస్తే మొదట్లో నాకు ప్రాణం ఉసూరుమనేది. తరువాత అలవాటైంది. రెండోది, వాకిలి దగ్గర ప్రతి మనిషీ గంప బోర్లించి రెండు దెబ్బలు తట్టి, కొంగు విదిల్చి చూపించి పోవాలి. ఏళ్లు గడిచేసరికి అది మొక్కుబడిగా మారింది. గంప తట్టిన చప్పుడు వింటూ నేను తల ఎత్తకుండా రాసుకునేవాణ్ణి.

ఇలా ఉండగా ఒక ఏడు ఉప్పు పన్ను పెంచారు. పెంచడంతోటే తనిఖీలూ పెరిగాయి. అదే ఏడు మా ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. అంతకుముందు ఇద్దరు పుట్టి దక్కలేదు. కనుక ఈ పిల్ల తుమ్మితే ఇంటిల్లిపాదీ లేచి కూర్చునేవాళ్లం. మూడో నెలలో పిల్ల పాలు మానేసింది. ఒక రోజూ రెండు రోజులూ కాదు, మూడో రోజుకి ఏడవడం కూడా మానేసి కళ్లు తేలేసి చూస్తూ పడుకుంది. నరసాపురం వైద్యుడు ఇచ్చిన మందు నోట పోస్తే పెదవి చివర నుంచి కారిపోయింది.

ఆ పొద్దున నేను యార్డుకి బయలుదేరుతూ ఉంటే మేనత్త వచ్చింది. పిల్లని ఒళ్లో వేసుకుని నుదురు తడిమి, దిష్టి తగిలిందని తేల్చింది. మీరంతా దిష్టి తీయించుకున్న వాళ్లే, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేయడం తెలిసినదే. మా వాళ్లకి అందులో ఒక పట్టింపు ఉంది. పసిపిల్లకి దిష్టి తీసే ఉప్పు కొన్నది కాకూడదు. కొన్న ఉప్పుకి అమ్మినవాడి కన్ను అంటుకుని ఉంటుందని, సముద్రం ఇచ్చింది సముద్రం ఇచ్చినట్టు అమ్మమ్మ చేతి మీదుగా రావాలని. అందుకే వెనకటికి పర్ర మీదికి పోయి పిడికెడు పొర గీరి తెచ్చేవారు. ఇప్పుడు ఆ పర్ర మీద కాపలా. మేనత్త, "తొట్టి అడుగుది పిడికెడు తెత్తానురా. ఎలాగూ సముద్రంలో పారబోసేదే కదా. దాన్ని కొన్నదనరు" అంది.

నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు. కోటు గుండీలు పెట్టుకున్నాను. పాదిరీ బడిలో చదివినవాణ్ణి, దిష్టి మీద నాకు నమ్మకం లేదు. నియమం తెలిసినవాణ్ణి, తెమ్మని అనలేను. కళ్లు తేలేసిన పిల్ల ఎదురుగా ఉండగా వద్దని కూడా అనలేకపోయాను. పెద్దవాళ్లు ఒక మాట అన్నప్పుడు చిన్నవాళ్లు పలక్కపోతే మా ఇళ్లల్లో దాన్ని ఒప్పుకోలు కిందే లెక్క వేస్తారు. ఆమె అలాగే అనుకుంది. నాకూ అది తెలుసు.

ఆ రోజు మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు గారు చెప్పకుండా పడవలో దిగారు. రాజమండ్రి మనిషి, నెమ్మదస్తుడు, ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదు. కాటా చూశారు, రాతలు చూశారు, తొట్టెలు చూశారు. ఇక పోతారనుకుంటే, సాయంత్రం మూసే పద్ధతి కూడా చూసి వెళతానని నా పక్కనే ఇంకో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మేనత్తకి కబురు చేయవచ్చు. ఆమె తొట్టె నా కుర్చీకి పది అంగల దూరం. కుర్చీలోంచి లేవలేదు. లేస్తే ఆయన ఎక్కడికని అడుగుతారేమో అనిపించింది. ఆమె ఇన్‌స్పెక్టరు గారిని చూసే ఉంటుంది, తియ్యకుండా ఊరుకుంటుందిలే అనీ అనుకున్నాను. ఇన్నేళ్లలో ఆ ఆలోచనని వెయ్యిసార్లు తిరగేశాను, అది ఆలోచన కాదు, లేవకుండా ఉండటానికి నాకు నేను చెప్పుకున్న సాకు.

ఆడవాళ్లు వరసగా వచ్చి గంపలు బోర్లించి తట్టి, కొంగులు విదిల్చి పోతున్నారు. మేనత్త వంతు వచ్చింది. గంప తట్టింది. కొంగు మాత్రం విదల్చలేదు. రోజూ లాగే నేను తల దించుకుని రాసుకుంటానని అనుకుని ఉంటుంది. ఇన్‌స్పెక్టరు గారు నా వైపు చూశారు. నేను తల ఎత్తి, "కొంగు" అన్నాను. మిగతా అందరితో అన్న గొంతుతోనే అన్నాను. ఆమె నా మొహం చూసి, కొంగు ముడి విప్పింది. పిడికెడు ఉప్పు, తడిది, చేప పొలుసులు అంటుకుని మట్టి రంగులో ఉంది.

ఇన్‌స్పెక్టరు గారు కోప్పడలేదు. నన్నే అడిగారు, "ఎవరయ్యా ఈవిడ? నీకు తెలిసిన మనిషేనా?"

మేనత్త నా వైపే చూస్తోంది. ఆ చూపులో భయం లేదు. నేను జవాబు చెప్పేస్తే ఇంటికి పోదామని ఎదురు చూస్తున్నట్టు ఉంది, అంతే. నేను ఇన్‌స్పెక్టరు గారితో, "ఒకటో నంబరు టిక్కెట్టండి" అన్నాను.

ఎందుకలా అన్నానంటే ఇప్పటికీ సరిగా చెప్పలేను. అత్తగారని చెబితే ఇన్నేళ్లుగా నేనే ఉప్పు దాటిస్తున్నానని అనుకుంటారనే భయం ఉంది. కోటు తొడుక్కున్నవాడి మేనత్త మట్టి ఉప్పుతో దొరికిందనే సిగ్గు కూడా ఉంది. ఇవన్నీ తరువాత వెతుక్కున్న కారణాలు. ఆ నిమిషాన యార్డులో రోజూ పిలిచే నంబరు నోటికి వచ్చింది, వచ్చింది వచ్చినట్టు అన్నాను. అన్న తరువాత లోపల ఏదో మొద్దుబారింది. దెబ్బ తగిలినచోట ముందు నొప్పి తెలియదు చూడండి, అలాగ. నొప్పి తరువాత వస్తుందనుకున్నాను. రాలేదు.

పట్టుకున్న ఉప్పు తూచి రాయమన్నారు. మా కాటా మణుగుల లెక్కన చేపలు తూచేది. ఆ పిడికెడు వేస్తే తట్ట ఉలకలేదు, పలకలేదు. ఏం రాయమంటారని అడిగాను. ఆయన, కొద్దిపాటి అని రాయి అన్నారు. రాశాను. ఉప్పు పాయలో పారబోయించారు. మేనత్త ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని, వెనక్కి చూడకుండా ఇసకలో నడిచి పోయింది.

నేను ఇల్లు చేరేసరికి ఆమె వట్టి ఎండుమిరపకాయలతోనే పిల్లకి దిష్టి తీస్తోంది. మా ఇంటిది అంతా విన్నట్టుంది, నా మొహం చూడకుండా కాళ్లకి నీళ్లు పెట్టింది. ఆ తరువాత నాలుగో రోజుకి పిల్ల పాలు పట్టింది. వైద్యుడు తన మందే అన్నాడు. పేటలో మిరపకాయల ఘాటే అన్నారు. పిల్ల బతికినందుకు నాకు రావలసినంత సంతోషం కూడా రాలేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ పిల్లకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు.

పక్షం తిరక్కుండా కాగితాలు రెండు వచ్చాయి. ఒకదానిలో ఒకటో నంబరు టిక్కెట్టు రద్దు. రెండోదానిలో గుమాస్తా నిక్కచ్చితనానికి మెప్పు. మొదటి కాగితం చదివి వినిపించడం నా ఉద్యోగమే కనుక ఆమె గుడిసెకి పోయి గుమ్మం బయటే నిలబడి చదివాను. ఆమె డబ్బాలోంచి అట్టముక్క తీసి చేతిలో పెట్టింది. తిట్టలేదు, ఏడవలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మర్నాటి నుంచి అరవై ఏళ్లకి దగ్గర పడుతున్న మనిషి చీకటి ఉండగానే పచ్చిచేప మోసుకుని నరసాపురం పోయేది. వద్దన్నాను, మా ఇంట్లో ఉండమన్నాను. తన కాళ్లు బాగానే ఉన్నాయంది. మోకాళ్లు వాచిపోవడం నేను చూశాను. మా ఇంటికి రావడం మానలేదు, పిల్లని ఆడించడం మానలేదు, నాతో మాట్లాడటం కూడా మానలేదు. మాట్లాడవలసినంత మాట్లాడేది. అంతకుమించి లేదు.

ఏడెనిమిదేళ్లు గడిచాయి. ఒకసారి నిడదవోలు కాలవలో పడవ మీద పోతూ ఉంటే ఆ ఇన్‌స్పెక్టరు గారే తారసపడ్డారు. పెద్ద పదవిలోకి వెళ్లారు, జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, ఆ రోజు దొరికిన ఆవిడ నీ మేనత్తట కదా, తరువాత ఎవరో చెప్పారు అన్నారు. అవునండి అన్నాను. ఆయన నీళ్లలోకి చూస్తూ, "మా అత్తగారండి అని ఒక్క మాటంటే మందలించి పంపేసేవాణ్ణి కదయ్యా. అందుకే కదా నిన్నడిగింది. పిడికెడు ఉప్పుకి టిక్కెట్టు తీసేయాలని నాకు మాత్రం ఉంటుందా?" అన్నారు. చిత్తమండి అన్నాను.

ఆయన మంచివారు. పైకి రాసి, ఆమె టిక్కెట్టు మళ్లీ ఇప్పించారు. కొత్త అట్టముక్క మీద నంబరు కూడా పాతదే వేయించారు. నేను దాన్ని జేబులో పెట్టుకుని, కోటు విప్పకుండానే ఆమె గుడిసెకి పోయాను. ఆమె గుమ్మంలో కూర్చుని వల కంతలు కుట్టుకుంటోంది. టిక్కెట్టు వచ్చిందత్తా అన్నాను. చేతిలోకి తీసుకుంది. ఆమెకి చదువు రాదు. వేళ్లకి స్పర్శ లేకపోయినా అట్ట అంచులన్నీ తడిమి చూసింది. చదవమంది. నంబరు చదివాను, పేరు చదివాను, ఊరు చదివాను, యార్డు నియమాలు చదివాను. అయిపోయాక ఇంకేమైనా ఉందా అని అడిగింది. లేదన్నాను.

"నేను నీకేమవుతానో ఇందులో రాసుందేంట్రా?"

అలాటివి రాయరు అత్తా అన్నాను.

"అయితే నాకెందుకురా" అని, కోపం లేకుండానే నా చేతిలో పెట్టి, మళ్లీ వల అందుకుంది.

ఆమె యార్డులో మళ్లీ అడుగు పెట్టలేదు. ఇంకో మూడేళ్లు పచ్చిచేప మోసి, నాలుగో ఏట మంచం పట్టి పది రోజుల్లో పోయింది. ఆ పది రోజులూ మా ఇంట్లోనే ఉంది. మా వాళ్లు ఏడుస్తూ ఉంటే నేను కర్రలకీ మనుషులకీ తిరుగుతూ పనులు చూసుకున్నాను. ఎంత గుండె దిటవు అని పదిమందీ అన్నారు.

ఇప్పుడు రోజులు చాలా మారాయి. పన్ను తగ్గింది, మళ్లీ తగ్గింది. ఇంకా తగ్గుతుందని, ఎప్పటికో ఒకప్పటికి అసలే ఉండదని పట్నంలో వక్తలు ఉపన్యాసాలు ఇస్తున్నారట. ఏ సీమలోనో ఎవరికో గిట్టుబాటు కావాలని సుంకం ఒకచోట ఎత్తుతారు, ఇంకొకచోట వేస్తారు. నాకు పింఛను వచ్చేనాటికే యార్డులో కొంగులు విదిలించమనడం లేదు. నా తరువాత కాటా దగ్గర కూర్చున్న కుర్రాడు ఆడవాళ్లని పిన్నీ, అత్తా అని వరసలు పెట్టే పిలుస్తున్నాడు, ఇదేం పద్ధతని ఎవరూ అనడం లేదు. మా రోజుల్లో అలా పిలిస్తే ఉద్యోగం పోతుందనుకునేవాళ్లం. పోయేది కాదేమో. ఎవరమూ పిలిచి చూడలేదు.

వయసు మీద పడ్డాక మధ్యాహ్నాలు వీధి అరుగు మీద ఊరికే కూర్చుంటాను. కూర్చుంటే ఆ రోజు వాకిలి దగ్గర ఆయన అడిగిన ప్రశ్నే వినిపిస్తుంది, అదే నెమ్మదైన గొంతుతో. ఆయనా పోయారు, ఆమే పోయింది, అడిగేవాళ్లూ వినేవాళ్లూ లేరు. అయినా ఇప్పుడు జవాబు చెబుతున్నాను. ఈమె నాకు మేనత్తండి.